పైపుల్లో పాకురు లైటుతో పోతుందా?

బాల్కొండ పక్క ఊళ్లో ఒక పసుపు తోటకి పోయినప్పుడు అక్కడి రైతు అడిగిన ప్రశ్న ఇది. ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆలోచిస్తే నవ్వాల్సిన ప్రశ్న కాదనిపించింది.

ఆయనకు ఎకరంన్నర పసుపు. డ్రిప్పు వేసి మూడేళ్లు. బాయిలో నీళ్లున్నాయి, మోటారు బాగానే నడుస్తోంది. అయినా మడి చివర నాలుగు బెడ్లు ఆకు చుట్టుకుని నిలబడ్డాయి. ఆయన లేటరల్ పైపు చివరన మడత విప్పి చూపించాడు. మొదట నల్లటి నీళ్లు వచ్చాయి. వెనకాలే ముక్కుచీమిడిలాంటి జిగట ముద్ద జారి పడింది. చేతికి తీసుకుంటే కుళ్లు కంపు.

"చూసిన్రా సారూ, ఇదీ కథ. పైపు మొత్తం పాకురే. మొన్న ఒకాయన వచ్చి, నీళ్లకు ఒక తీరు లైటు పెడితే పాకురు పట్టదు, ఓడలకు గూడ అదే పెడుతున్నరు అన్నడు. నిజమేనా?"

నిజమే. ఓడలకు అలాంటి లైటు పెట్టే ప్రయత్నం జరిగింది. ఐతే ఓడకు పనికొచ్చేది మన డ్రిప్పుకు పనికొస్తుందా అన్నది వేరే మాట. రైతు సోదరులు జేబులోంచి డబ్బు తీసే ముందు ఈ రెండింటి తేడా తెలుసుకోవాలి. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాం.

సముద్రంలోనూ ఇదే గోల

నీళ్లలో ఏ వస్తువు వేసినా దాని ఒంటికి ఏదో ఒకటి పట్టుకుంటుంది. మన బాయి మెట్లకి, ఫుట్‌వాల్వుకి, చెరువు తూముకి పట్టే పాకురు మీకు తెలిసిందే. సముద్రంలో ఇది ఇంకా ఎక్కువ. ఓడను నీళ్లలోకి దించిన కొన్ని గంటలకే కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాని అడుగున చేరి సన్నటి జిగట పొర పరుస్తాయి. ఆ పొరమీద నాచు మొలుస్తుంది. తర్వాత బార్నకిల్ అనే గుల్లలు, ఆల్చిప్పలు వచ్చి సిమెంటు పోసినట్టు అంటుకుంటాయి. ఓడ అడుగు గరుకైతే నీళ్లను చీల్చుకుని పోవడం కష్టమవుతుంది. వేగం తగ్గుతుంది, డీజిలు ఎక్కువ కాలుతుంది.

ఇది మన తెలుగువాళ్లు ఎప్పుడో పట్టించుకున్న విషయమే. విశాఖపట్నం నౌకాశ్రయంలో నీటి అడుగున పట్టే ఈ జీవాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్. గణపతి, ఆయన తోటివారు పరిశోధన చేసి 1958లోనే ప్రచురించారు. 1967లో అదే నౌకాశ్రయంలో ఒక కొత్త రకం ఆల్చిప్ప కనిపించింది. దాని సొంత ఊరు అమెరికా ఖండం మధ్య భాగంలోని తీరం. ఓడల వెంట ఇక్కడిదాకా వచ్చిందని అంటారు. పార్థీనియం మన చెలకల్లోకి వచ్చినట్టే అనుకోండి, పిలవకుండా వచ్చింది, వచ్చాక పోలేదు.

మద్రాసు దగ్గర కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీళ్లను సొరంగంలోంచి తీసుకుంటారు. ఆ సొరంగానికీ పచ్చ ఆల్చిప్పలు పట్టాయి. అక్కడివాళ్లు వాటిని ఆపడానికి వాడింది క్లోరిన్. మీ ఊరి మంచినీళ్ల ట్యాంకులో కలిపేదే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

మైలుతుత్తం నుంచి లైటుదాకా

ఓడలకు మొదట్లో రాగి రేకు కొట్టేవారు. బ్రిటిష్ నౌకాదళం 1761లోనే ఒక ఓడ అడుగుకి రాగి రేకు తొడిగి చూసింది. రాగి కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటే దానిమీద జీవాలు నిలవలేవు. మనం బోర్డో మిశ్రమంలో మైలుతుత్తం వాడేదీ ఇదే గుణం కోసం. తర్వాతి కాలంలో తగరం కలిపిన ఘాటైన రంగులు వచ్చాయి. పని బాగా చేశాయి, కాని సముద్రంలో నత్తలను, ముత్యపు చిప్పల జాతులను పాడుచేశాయి. దాంతో 2001లో అంతర్జాతీయ ఒప్పందం చేసుకున్నారు, 2008 సెప్టెంబరులో అది అమల్లోకి వచ్చింది. ఆ రంగులు బంద్ అయ్యాయి.

మందు లేకుండా ఆపే దారి వెదుకుతుంటే దొరికినదే అతినీలలోహిత కిరణాల లైటు. యూవీ అని పొట్టిగా అంటారు. సూర్యుడి వెలుగులో కంటికి కనిపించని భాగం ఇది. సూర్యరశ్మికి సూక్ష్మజీవులు చస్తాయని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు 1877లో చూపించారు. ఫ్రాన్సులోని మార్సేయ్ పట్టణంలో 1910లోనే ఈ లైటుతో తాగునీళ్లు శుద్ధి చేశారు. ఇప్పుడు పట్నాల ఇళ్లలో గోడకు తగిలించే నీళ్ల ఫిల్టర్లు చాలావాటిలో ఉండే నీలం లైటు అదే.

ఈ కిరణాల్లో బాగా ఘాటైన రకం ఆకాశంలోని ఓజోన్ పొర దగ్గరే ఆగిపోతుంది, నేలదాకా రాదు. దాన్ని లైటుతో పుట్టిస్తారు. అది తగిలిన సూక్ష్మజీవి పిల్లలు పెట్టే శక్తిని కోల్పోతుంది. జిగట పొర పరిచే మొదటి జీవాలే లేకపోతే వెనకాల వచ్చే నాచుకి, గుల్లకి నిలబడే చోటు ఉండదు. 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్, ఆక్జోనోబెల్ కంపెనీలు కలిసి, ఓడ అడుగున వేసే పూతలోనే చిన్న చిన్న ఎల్ఈడీ యూవీ లైట్లు పొదిగే పద్ధతి తయారు చేస్తామని ప్రకటించాయి. సముద్రంలోకి దించే కెమెరాలు, కొలత పరికరాల అద్దాలకు జిగట పట్టకుండా పక్కనే చిన్న యూవీ లైటు బిగించే పద్ధతి కూడా ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించారా? ఓడకైనా, కెమెరాకైనా లైటు పడేది పాకురు పట్టే చోటుమీదే. నీళ్లమీద కాదు.

మన పైపు దగ్గరికి వద్దాం

డ్రిప్పుకు అమ్మజూపే లైటు ఎక్కడ పెడతారు? మోటారు దగ్గర, పైపు మొదట్లో. నీళ్లు ఆ గొట్టంలోంచి పోతుంటే సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. కాని లైటు దాటిన తర్వాత పైపులో దాని ప్రభావం ఏమీ ఉండదు. తప్పించుకున్నవి నాలుగైనా, పైపులో అంతకుముందే పట్టి ఉన్నవైనా, యూరియా నీళ్లలో కలిసి పోతుంటే తిండి దొరికినట్టే పెరుగుతాయి. పాకురు పట్టేదేమో మూడు వందల అడుగుల అవతల, డ్రిప్పరు సందులో. అక్కడ చీకటి. ప్రతి డ్రిప్పరులో లైటు పెట్టలేం కదా.

రెండో సంగతి, మన నీళ్లు. వానాకాలంలో గోదావరికి వరదొస్తే పోచంపాడు కాలువ నీళ్లు ఎట్లుంటాయో మీకు చెప్పాలా? యూవీ కిరణాలు బురద నీళ్లలో చొచ్చుకుపోలేవు. ప్రతి మట్టి రేణువు వెనక ఒక నీడ ఉంటుంది, ఆ నీడలో సూక్ష్మజీవి దాక్కుంటుంది. కోస్తాలో రొయ్య పిల్లలు పెంచే హేచరీలవాళ్లు సముద్రపు నీళ్లకు యూవీ లైటు వాడతారు. ఐతే వాళ్లు నీళ్లను ముందు తేర్చి, ఇసుక ఫిల్టరులో వడపోసి, ఆ తర్వాత ఇంకా సన్న ఫిల్టరు దాటించి, చిట్టచివరనే లైటు దగ్గరికి పంపుతారు. లైటు చుట్టూ ఉండే గాజు గొట్టానికి కూడా పొర పడుతుంది, దాన్ని తుడుస్తూ ఉండాలి. ఇళ్లలో వాడే లైట్లు సుమారు ఏడాదికి మార్చాలి. వెలుగుతూనే కనిపిస్తాయి గాని పని చేయవు.

మూడోది, బోరు నీళ్ల సంగతి. పైపులో పేరుకున్నది సున్నమైతే, ఇనుపచిలుమైతే యూవీ లైటు దాన్ని ఏమీ చేయలేదు. అది బతికున్న వస్తువు కాదు కదా చావడానికి.

కాబట్టి బాల్కొండ రైతుకు చెప్పిన జవాబే మీకూ. పాకురును ఆపడానికి ఆ లైటు కొనవద్దు. ఆ డబ్బుతో మంచి ఇసుక ఫిల్టరు పెట్టుకోండి. ఇంకో మాట, ఆ లైటు వెలుగుతుండగా కంటితో చూడకూడదు. వెల్డింగు చూసిన రాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండుతుంది కదా, అదీ ఈ కిరణాల వల్లనే.

చీకటే మందు

లైటు గురించి ఇంత చెప్పాక తలకిందులుగా అనిపించొచ్చు గాని, మన పొలంలో నాచు ఆపేది వెలుతురు కాదు, చీకటి. మామూలు ఎండ వెలుగే నాచుకు తిండి. డ్రిప్పు పైపు నల్లగా ఎందుకు ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ప్లాస్టిక్‌లో నూటికి రెండు మూడు పాళ్లు మసి కలుపుతారు. ఆ మసి రెండు పనులు చేస్తుంది. వెలుతురును లోపలికి పోనివ్వదు, కాబట్టి పైపులో నాచు మొలవదు. ఎండలోని యూవీ కిరణాలను తానే మింగుతుంది, కాబట్టి పైపు పెళుసెక్కదు. నేలపైన పరిచిన తెల్ల పీవీసీ పైపు రెండు మూడు ఎండాకాలాలకే పెంకులాగా పగలడం మీరు చూసే ఉంటారు. అందుకే పీవీసీ పైపును రెండడుగుల లోతున పూడ్చమనేది. పైన తేలి ఉన్న ముక్కలు, మోటారు దగ్గర నిలబెట్టిన పైపు ఉంటే వాటికి రంగైనా వేయండి, గోనెసంచైనా చుట్టండి.

ఎక్కువ నాచు మాత్రం పైపులో పుట్టదు, బయట పుట్టి లోపలికి వస్తుంది. నీళ్లు నిల్వ చేసే తొట్టి, సేద్యపు కుంట, తెరిచి ఉన్న బాయి, ఇవి దాని పుట్టిళ్లు. తొట్టి చిన్నదైతే రేకుతోనో నల్లటి పాలిథీన్ షీటుతోనో మూసేయండి. కుంట మొత్తం మూయలేకపోతే కనీసం మోటారు నీళ్లు తీసే మూలన నీడ పట్టుకునే వల కట్టండి. ఫుట్‌వాల్వును అడుగు బురదలో పెట్టొద్దు, నాచు తేలే పై పొరలోనూ పెట్టొద్దు. ఖాళీ డ్రమ్ముకు కట్టి నీటి మట్టానికి రెండడుగుల కింద వేలాడదీస్తే నీళ్లు తగ్గినా పెరిగినా అదే లోతున ఉంటుంది. చేపలు ఉన్న కుంటలో మైలుతుత్తం చల్లకండి, నాచుతోపాటు చేపలూ పోతాయి.

మీ కుంట నీళ్లలో ఎంత తొందరగా పాకురు పడుతుందో తెలుసుకోవాలంటే పరిశోధకులు చేసే పనే మీరూ చేయొచ్చు. వాళ్లు పలకలు నీళ్లలో ముంచి వారం వారం తీసి చూస్తారు. మీరు నాలుగు పీవీసీ ముక్కలను తాడుకు కట్టి కుంటలో వేలాడదీయండి. వారానికొకటి తీసి వేలితో రాయండి. జారితే పొర మొదలైనట్టే. అంటే మీ డ్రిప్పులోనూ మొదలైందన్నమాట.

ఏ జబ్బో తెలుసుకుని మందు

పసుపులో చిక్కేమిటంటే దసరా నాటికి ఆకు కమ్ముకుంటుంది, కింద డ్రిప్పరు నీళ్లిస్తోందో లేదో కనిపించదు. దుంప ఊరే రోజులు కూడా అవే. ఆకు చుట్టుకున్నాక చూసుకుంటే కొమ్ము సన్నబడే ఉంటుంది. కనుక ఆకు కమ్మకముందే, ఆ తర్వాత నెలకోసారైనా కొలవాలి. కొలవడం పెద్ద పనేం కాదు. లేటరల్ మొదట్లో రెండు, మధ్యలో రెండు, చివరన రెండు డ్రిప్పర్ల కింద కాస్త మన్ను తీసి డబ్బాలు పెట్టండి. గంటకు నాలుగు లీటర్ల డ్రిప్పరైతే పదిహేను నిమిషాల్లో లీటరు రావాలి, రెండు లీటర్లదైతే అర లీటరు. చివరి డబ్బాల్లో బాగా తక్కువొస్తే పైపులో ఏదో ఉన్నట్టే.

ఏముందో చూడటానికి చివర జానెడు పైపు కోసి నిలువునా చీల్చండి (కోసిన చోట జాయినరు వేసుకోవచ్చు, భయం లేదు). నల్లగానో పచ్చగానో జిగటగా ఉంటే పాకురు. తెల్లగా గరుకుగా ఉండి, ఒక చుక్క యాసిడ్ వేస్తే బుస్సున పొంగితే సున్నం. ఎర్రటి తుప్పు రంగుంటే ఇనుము. ఒట్టి మట్టైతే లేటరల్ చివరలు విప్పి కొట్టేస్తే చాలు.

పాకురుకు క్లోరిన్. కల్పాక్కంలో వాడిన మందే మన పొలానికీ పని చేస్తుంది. ఎందుకంటే లైటులా మొదట్లోనే ఆగిపోదు, నీళ్లతోపాటు చివరి డ్రిప్పరుదాకా పోతుంది. వెయ్యి లీటర్ల నీళ్లకు 10 నుంచి 20 గ్రాముల క్లోరిన్ అందాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ నూటికి సుమారు 30 పాళ్లు ఉంటుంది కాబట్టి వెయ్యి లీటర్లకు 33 నుంచి 66 గ్రాముల పొడి. మీ డ్రిప్పులో గంటకు పదివేల లీటర్లు పారుతుంటే అరగంటకు ఐదువేల లీటర్లు, అంటే 165 నుంచి 330 గ్రాములు. డబ్బా ఎన్నాళ్లో తెరిచి ఉంటే క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, వాసన రాని పొడి కొనకండి.

పొడిని నేరుగా వెంచురిలోకి వదలకండి. బకెట్టులో ప్లాస్టిక్ పుల్లతో కలిపి, తేరనిచ్చి, పైనున్న తేట మాత్రమే వాడాలి. అడుగున మిగిలేది సున్నం, అది పోతే పాకురు స్థానంలో సున్నం పట్టించినట్టవుతుంది. నీళ్లలో ముందే సున్నం ఎక్కువుంటే పొడికి బదులు ద్రవ రూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్ మేలు. నీళ్లు పెట్టడం పూర్తయ్యాక చివరి అరగంట దీన్ని వదలండి. చివరి డ్రిప్పరు నీళ్లలో క్లోరిన్ వాసన వచ్చిందా అని చూడండి. పంచాయతీవాళ్లు తాగునీళ్లలో క్లోరిన్ చూసే చిన్న కిట్టు దొరికితే ఇంకా మంచిది. మోటారు ఆపి రాత్రంతా అలాగే ఉంచి, తెల్లారి లేటరల్ చివరలు ఒక్కొక్కటే విప్పి శుభ్రమైన నీళ్లు వచ్చేదాకా వదలాలి. ఊడిన పాకురు ముద్దలు బయటికి పోకపోతే అవే వెళ్లి డ్రిప్పర్లకు అడ్డం పడతాయి. ఈ చివరి పని మానేసి, "మందేసినా లాభం లేదు" అనేవాళ్లను చాలామందిని చూశాను.

సున్నానికి యాసిడ్. లీటరు నీళ్లు తీసుకుని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క చుక్కగా వేస్తూ పీహెచ్ కాగితం 4 చూపేదాకా ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో చూడండి. ఆ లెక్కన మీ పైపుల్లో పారే నీళ్లకు ఎంత కావాలో కట్టుకోవాలి. చివరి డ్రిప్పరుకు చేరగానే మోటారు ఆపి, ఒక రోజు ఉంచి, కడగాలి. ఎప్పుడైనా సరే నీళ్లలోకి యాసిడ్ పోయాలి గాని యాసిడ్‌లోకి నీళ్లు పోయరాదు. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు లేకుండా ముట్టుకోవద్దు.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త ఒకటుంది. బ్లీచింగ్ పౌడర్‌నూ యాసిడ్‌నూ ఒకే రోజు, ఒకే బకెట్టులో, ఒకే ట్యాంకులో కలపొద్దు. కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు, ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. ఎరువు నీళ్లలో కూడా క్లోరిన్ కలపొద్దు. ఒకటి వాడాక పైపులు బాగా కడిగి, కొన్ని రోజులు ఆగి రెండోది వాడండి.

ఫిల్టరు ముందూ వెనకా ఉండే రెండు ప్రెషర్ గేజీలు మీ మడిలో పని చేస్తున్నాయా? పగిలిపోయి, ఆ రంధ్రానికి చెక్క బిరడా కొట్టినవే ఎక్కువ చూశాను. ఆ రెండింటి మధ్య తేడా అర కిలో దాటితే ఇసుక ఫిల్టరును వెనక్కి తిప్పి కడగాలి. గేజీ లేకపోతే ఎప్పుడు కడగాలో ఎవరు చెప్తారు? వరద నీళ్లు వచ్చే రోజుల్లోనైతే రోజూ కడగాల్సి రావొచ్చు. పసుపు మీద ఇంకేమైనా సందేహాలుంటే పక్కనే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానం ఉంది, వెళ్లి అడగండి.

మొదట చెప్పిన రైతు లైటు కొనలేదు. తేట తీసిన బ్లీచింగ్ నీళ్లు రెండు వారాల తేడాతో రెండుసార్లు వదిలాడు. రెండోసారి చివరలు విప్పినప్పుడు మేమూ అక్కడే ఉన్నాం. ముద్దలు ముద్దలుగా పడింది. చివరి నాలుగు బెడ్లలో డబ్బాలు పెట్టి కొలిస్తే మూడింటిలో నీళ్లు సరిగ్గా వచ్చాయి. నాలుగోదాంట్లో రాలేదు. పైపు చీల్చి చూస్తే లోపల తెల్లటి పొర.

"ఇగ దీనికి యాసిడ్ గదా సారూ?" అన్నాడు.

"అదే కాకా. పది రోజులు ఆగి పోయి."